పన్నెండో కుర్చీ

ఎర్ర సబ్బు వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాళ్లే యాదికొస్తయి. ఒక్కరివి కాదు, మా బోరింగు చుట్టూ వరుసగ చాపిన మొగోళ్ల కాళ్లు, పగిలిన మడమలు, బొబ్బలెక్కిన బొటనవేళ్లు, పసుపు పూసినట్టు పచ్చగ మారిన పాదాలు. మొన్న పవిత్ర గురువారం పొద్దున తెల్లాపూర్ల మా ఫ్లాటు కింద ఉన్న పెద్ద దుకాణంల ఏదో దేవులాడుతుంటే, అన్నిటికంటె కింది అరల, రంగురంగుల సీసాల ఎనుక, ఆ ఎర్ర సబ్బు బిళ్ల ఒక్కటి కనబడ్డది. కొనుక్కొచ్చి స్నానాల గదిల పెట్టిన. నా బిడ్డ ముక్కు మూసుకొని, "ఏందమ్మా ఇది, ఆస్పత్రి కంపు" అన్నది. దానికేం తెల్సు పాపం. తొమ్మిదో అంతస్తుల పెరిగిన పిల్లకు బోరింగు అంటే చెప్పాలె, కిరాయి అర్ర అంటే చెప్పాలె, ఆఖరికి వాళ్ల తాత ఎసొంటోడో అది సుత చెప్పాలె. చెప్తే కుదురుగ కూసొని వింటదన్న నమ్మకం నాకైతే లేదు, అందుకే ఇట్ల రాస్తున్న.

మాది ఇస్నాపూర్. హైవే దిగి లోపలికి పోతే కిరాయి అర్రలు రైలు డబ్బాల లెక్క వరుసగ ఉండేటివి, ఒక్కో అర్రల ఒక్కో దేశపోళ్లు, బీహారోళ్లు, ఒడియావోళ్లు, బీదర్ దిక్కు నుంచి వచ్చినోళ్లు, మేమేమో కొండాపూర్ దిక్కు ఒక పల్లె నుంచి మూటా ముల్లె కట్టుకొని వచ్చినోళ్లం. కంపెనీ సైరన్ కూస్తే మా అమ్మ ఎసరు పెట్టేది, మళ్ల కూస్తే మేము బడికి ఉరికేటోళ్లం, గడియారం మా వాడకట్టుల ఎవ్వరింట్ల లేకుండె, ఉండాల్సిన అవసరం సుత లేకుండె. నీళ్లు పట్టుకునేటివి కంపెనీల నుంచి వచ్చిన నీలి డ్రమ్ములు, ఎన్ని తీర్ల తోమినా, ఎన్నిసార్లు ఎండబెట్టినా, ఆ నీళ్లల్ల ఏదో మందు వాసన ఉండనే ఉండేది, చాయ్ తాగినా అదే, పప్పుచారు తిన్నా అదే. గాలి మళ్లినప్పుడు కుళ్లిన క్యాబేజీ అసొంటి వాసన వాడకట్టు మీద కూసునేది, కొత్తగ వచ్చినోళ్లు వాంతులు చేసుకునేటోళ్లు, పాతోళ్లు మాత్రం "ఇయ్యాల గాలి అటు దిక్కుది" అని తలుపు దగ్గరికేసుకునేటోళ్లు. వానాకాలం మొదలైతే ఊరవతల వాగుల తెల్లటి నురుగు మోకాలెత్తు లేచి ఒడ్డుకొచ్చేది, మేము దాన్ని దోసిళ్లతోటి ఎగరేసి, ఒకరి నెత్తిన ఒకరం పోసుకొని, మీసాలు గడ్డాలు పెట్టుకొని ఆడుకునేటోళ్లం. పొద్దూకేసరికి చేతులు దద్దుర్లు లేచేటివి. అమ్మ కొబ్బరినూనె రాసుకుంట తిట్టేది, మేము మళ్ల తెల్లారి పోయేటోళ్లం.

మా నాయిన పేరు జోజప్ప. కంపెనీల హెల్పరు, అదీ పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. ఆయన పనిచేసే పౌడరు ప్లాంటుల ఏదో మందుకోసం పసుపుపచ్చటి పొడి తయారయ్యేది, అది చెమటతోటి కలిసిందంటే ఒంటికి పట్టుకొని వదిలేది కాదు. చేతులకు ఏవో తొడుగులు ఇచ్చేటోళ్లు గని, బూట్లు ఎండకు ఉడుకుతయని అందరు చెప్పులతోనే తిరిగేటోళ్లు, అందుకని ఆ ప్లాంటోళ్ల పాదాలన్నీ పచ్చగ ఉండేటివి. మా నాయిన పండుకునే చాప కాళ్లకాడ పచ్చటి మరక, మా అమ్మ ఉతికిన తువ్వాలల మీద పచ్చటి మరక. బజార్ల ఎవడన్న కాళ్లు చూసి "ఏ ప్లాంటు?" అని అడిగేది లేకుండె, చూస్తేనే తెలిసిపోయేది. ఆ రంగును చూసి ముందుగాల నవ్వేటోళ్లు, తర్వాత జెర దూరం జరిగేటోళ్లు.

అటువంటి ఊళ్లె మేము కతోలికులం. మా చుట్టాలల్ల సగం మంది పెద్ద సంఘపోళ్లు, అంటే ప్రొటెస్టెంట్లు, వాళ్లకు ఊరూర గుళ్లు, పాటలు, మైకులు, మమ్మల్ని చూస్తే "ఇగ వచ్చిన్రమ్మా మరియమ్మ బిడ్డలు" అని ఎక్కిరించేటోళ్లు. మాకున్నది ఒక్క రేకుల గుడి. ఎండాకాలం పూజల కూసుంటే పైన రేకులు టకటకమనేటివి, వానొస్తే ఫాదర్ ఏం చదువుతున్నడో ముందు కూసున్నోళ్లకు సుత వినబడకపోయేది. మా నాయిన పొద్దూకాల షిఫ్టు దిగొచ్చి, స్నానం చేసి, గూట్లె ఉన్న మరియమాత బొమ్మ ముందర జపమాల పట్టుకొని కూసునేటోడు. మా అర్రకు తలుపు ఉండె గని అది మూస్తే ఉక్క, అందుకని ఆ జపం మొత్తం వాడకట్టంత వినేది. పిల్లలకేం పట్టింపు, బీహారోళ్ల పోరగాళ్లు, ఒడియా పోరగాళ్లు సుత వచ్చి మా పక్కన కూసొని, నోటికొచ్చినంత పలికేటోళ్లు. సెలవులల్ల మాకు పూజాట ఒకటి ఉండేది. అమ్మ తెల్ల చీర నెత్తి మీంచి కప్పుకొని నేను ఫాదర్ అయ్యేదాన్ని, గుండ్రటి బిస్కెట్లు విరిచి వరుసగ నిలబడ్డోళ్ల నాలుకల మీద పెట్టేదాన్ని, బిస్కెట్లు అయిపోంగనే పూజ అయిపోయేది. అమ్మ చూసి "కండ్లు పోతయే" అని బెదిరించేది, నాయిన మాత్రం నవ్వుకుంట పోయేటోడు.

నాయిన ఎవ్వరినీ గుడికి రమ్మని పిలిచేటోడు కాదు. పుస్తకాలు పంచుడు, బస్టాండుల నిలబడి చెప్పుడు, అవి ఆయనకు చాతనయ్యేటివి కావు, సిగ్గు. ఆయనకు తెల్సింది ఒక్కటే. పొడి పీల్చే ప్లాంటోళ్లకు గొంతు సాఫ్ ఉంటదని కంపెనీల రోజుకింత బెల్లం ఇచ్చేటోళ్లు. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకొని వచ్చిన్నాటి నుంచి పాస్కు పండుగ దాక, అంటే ఈస్టరు దాక, తపస్సు కాలం మొత్తం, నాయిన ఆ బెల్లం నోట్లె వేసుకునేటోడు కాదు. కాగితంల చుట్టుకొని వచ్చి, పక్క అర్ర మల్లేశం పిల్లలకు ఇచ్చేటోడు. మాకు ఇయ్యకపోయేటోడు! నాకు ఎంత కోపమొచ్చేదో. "నీకు ఇస్తే అది నాకే ఇచ్చుకున్నట్టు బిడ్డా" అనేటోడు. ఆ మాటకు అర్థం అప్పుడు తెల్వలే, తెల్సినాంక సుత ఆ బెల్లం మీద ఆశ పోలే.

మల్లేశం నాయినతోటి ఒకే ప్లాంటు, ఒకే షిఫ్టు. బక్కపల్చటి మనిషి, పొద్దూకాల కల్లు కంపౌండుకు పొయ్యొచ్చి గోడకానుకొని పాటలు పాడేటోడు, ఇంట్ల కొమురెల్లి మల్లన్న పటం పెట్టుకున్నోడు. ఆయన పెండ్లాం యాదమ్మకూ మా అమ్మకూ బోరింగు కాడ బిందె ముందు పెట్టే కాడ దినాం లొల్లి. ఇద్దరూ నోరున్నోళ్లే. పొద్దున కొట్లాడుకొని పొద్దూకాల ఒకే చాటల బియ్యం ఏరుకునేటోళ్లు. శుక్రవారాలు మేము నీసు ముట్టమని తెల్సి, యాదమ్మ కావాల్నని మా తలుపు ముందరనే ఎండు మాంసం తునకలు కాల్చేది, "వదినే, వాసన చూస్తే సుత పాపమేనా?" అని అడిగేది. మా అమ్మ పండ్లు కొరికేది. కాసేపైనాంక మా ఇంటి నుంచి చింతచిగురు పప్పు గిన్నె వాళ్లింటికి పోయేది.

ఇగ పవిత్ర గురువారం సంగతి. యేసు ప్రభువు తన శిష్యులు పన్నెండు మంది కాళ్లు కడిగిన రోజది. ఆ పొద్దు గుళ్లె పీఠం ముందర పన్నెండు కుర్చీలు వేస్తరు, పన్నెండు మంది మొగోళ్లు కూసుంటరు, ఫాదర్ మోకాళ్ల మీద వంగి ఒక్కొక్కరి పాదం కడిగి, తుడిచి, ముద్దు పెడ్తడు. పెద్ద గుళ్లల్ల అది ముచ్చటగ జరిగిపోతది. మాకు పన్నెండు మంది ఎక్కడ దొరకాలె? ఉన్న కుటుంబాలే తక్కువ, ఆ ఉన్నోళ్లల్ల సగం మంది షిఫ్టుల ఉండేటోళ్లు, షిఫ్టు పండుగలను చూడదు గద. ఎందరుంటే అందరివి కడుగుదామని ఫాదర్ అన్నా మా నాయిన వినేటోడు కాదు. కుర్చీ వేసినాంక ఖాళీగ ఉంచుడేందని ఆయన పట్టు. అందుకని తన షిఫ్టోళ్లను అడిగేటోడు. బతిమాలేది లేదు, బోధ చేసేది లేదు. "కుర్చీ ఖాళీ ఉంది, కూసుంటవా?" అని గంతే. ఖాజా భాయ్ అని మా కంపెనీ ఫిట్టరు కూసునేటోడు, బీహారాయన ఒకరు కూసునేటోడు, మల్లేశం కూసునేటోడు. మా గుడికి రానోళ్లే సగం మంది ఆ కుర్చీలల్ల ఉండేటోళ్లు, మా గుడోళ్లకు అదేం వింత అనిపించకపోయేది.

గని వాళ్లకు సిగ్గు. తెల్ల బట్టలేసుకున్న పెద్దమనిషి వంగి మూతి ఆనించే కాళ్లు ఈ పచ్చటి, పగుళ్ల కాళ్లా అని. అందుకని గుడికి పోయే ముందు అందరూ మా అర్ర ముందర బోరింగు కాడికొచ్చేటోళ్లు. నాయిన హ్యాండిల్ కొట్టేటోడు, నేను ఎర్ర సబ్బు అందించేదాన్ని, ఒకరు కొబ్బరి పీచు, ఒకరు ఇటుక పెంకు పట్టుకొని, ఇగ తోముడే తోముడు. మడమలు ఎర్రగ కమిలి రక్తం చిమ్మేదాక తోమేటోళ్లు. కిరసనాయిలు పెట్టి సుత చూసిన్రు. "ఒక్క పూటల నా సబ్బు బిళ్ల కరిగిపాయె" అని అమ్మ మొత్తుకునేది, యాదమ్మ గడపల నిలబడి, "పెండ్లికొడుకులు తయారైతున్రు, ఎవ్వరో పిల్లనిచ్చేటోళ్లను పిలువుండ్రి" అని నవ్వేది. కాళ్లు కడిగించుకునుటానికి కాళ్లు కడుక్కొని పోవుడు! ఆ అక్కెర ఈ లోకంల మా ప్లాంటోళ్లకు తప్ప ఎవ్వరికి ఉంటది.

మా ఫాదర్ ముసలాయన. ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చిండో గని తెలుగు మా దగ్గరనే నేర్చుకున్నడు, అందుకని అచ్చం మా లెక్కనే మాట్లాడేటోడు. ఒక ఏడు ఆయనకు ఈ సంగతి తెల్సిపోయింది. పూజ అయినాంక మా నాయిన భుజం మీద చెయ్యేసి, "ఏంది జోజప్పా, అన్నీ ఇంటికాన్నే కడుక్కొని వస్తే ఇగ నేను కడిగేదేముంది?" అని నవ్విండు. నాయిన నెత్తి గోక్కున్నడు. నాయిన తాను మాత్రం ఎన్నడూ ఆ కుర్చీల కూసోలే. ఇత్తడి చెంబు పట్టుకొని ఫాదర్ పక్కన నడుచుకుంట నీళ్లు పోసుడు ఆయన పని. వేరేటోళ్లకు ఇయ్యకపోయేటోడు.

ఆ తర్వాతి ఏడు, పవిత్ర గురువారం నాడే ప్లాంటుల ఏదో అడ్డం పడి షిఫ్టు లేటు అయింది. అందరూ ఉరుక్కుంట వచ్చిన్రు, బోరింగు కాడ కాళ్లు కడుక్కునే పురుసతు దొరకలే. మల్లేశం అయితే ఒంటి మీద కంపెనీ అంగీతోనే వచ్చి కూసున్నడు, కాళ్లు కుర్చీ కిందికి జరుపుకొని, ఎవ్వరికి కనబడకుంట. ఫాదర్ ఆయన ముందర మోకాళ్లూని, చెయ్యి పెట్టి ఆ కాలును మెల్లగ బయటికి గుంజిండు. నాయిన నీళ్లు పోస్తుంటే తెల్లటి బేసిన్ల నీళ్లు పచ్చగ తిరిగినయి. గుడి మొత్తం చూసింది. మేము పిల్లలం ముందర కూసున్నం గాబట్టి నాకు బాగ కనబడ్డది. ఫాదర్ జల్దీ చేయలే. వేళ్ల సందులల్ల సుత కడిగిండు, తుడిచిండు, తువ్వాలకు పచ్చటి మరక అంటింది, తర్వాత వంగి ముద్దు పెట్టిండు. ఆయన మూతికి సుత జెర పచ్చటి రంగు అంటింది. మల్లేశం రెండు చేతులతోటి మొఖం మూసుకున్నడు.

ఆ రోజు ఇంటికి నడుచుకుంట వస్తుంటే మల్లేశం నాయినతోటి అన్న మాట నాకు యాదుంది. "జోజన్నా, పెండ్లిల మా మామ కడిగిండు ఈ కాళ్లు. అదీ బిడ్డనిస్తున్నడు గాబట్టి. ఈయనకు నేనేమిస్త?" ఇంటికాడ యాదమ్మ ఊకోలే, "ఇగ ఫాదర్ ముద్దు పెట్టుకున్న కాళ్లాయె, నేలమీద పెడ్తవా, గూట్లె పెట్టాల్నా?" అని ఆడుకున్నది.

అప్పటి నుంచి మల్లేశం ఆదివారాలు గుడికి వచ్చేటోడు. ఆఖరి చాప మీద, చెప్పులు కనబడే కాడ కూసునేటోడు. సత్ప్రసాదం తీసుకునే పొద్దు అందరూ ముందరికి పోతే, ఆయన ఒక్కడు ఉన్నకాన్నే చేతులు కట్టుకొని ఉండేటోడు. ఒకనాడు జంకుకుంట అడిగిండు, "నేనిట్ల మీ గుళ్లె కూసుంటే మా మల్లన్నకు కోపమొస్తదా అన్నా?" అని. "నాకు తెల్వదు మల్లేశం. కూసున్నోణ్ణి లెమ్మని మా దేవుడైతే అనడు" అన్నడు నాయిన. గంతే, మళ్ల ఆ మాట ఇద్దరి నడుమ రాలే.

వానాకాలం చివర్ల మల్లేశం చచ్చిపోయిండు. ప్లాంటుల ఒక పెద్ద ట్యాంకు ఖాళీ చేసి లోపల కడగాలె. అండ్ల గ్యాసు పోయేదాక ఆగాలె, మొఖానికి మాస్కు ఉండాలె. సూపర్‌వైజరు జల్దీల ఉండె, మాస్కు లేకుండనే దిగమన్నడు. దిగినోడు మళ్ల పైకి రాలే. తాడు కట్టి గుంజినోళ్లల్ల మా నాయిన ఉన్నడు, ఖాజా భాయ్ ఉన్నడు. ఆ మధ్యాహ్నం సైరన్ కూయాల్సిన పొద్దు కాకముందే కూసింది, వాడకట్టు ఆడోళ్లందరూ గిన్నెలు ఎక్కడియి అక్కడ్నే ఇడిచి గేటు కాడికి ఉరికిన్రు. మా అమ్మ యాదమ్మను పట్టుకొని ఉన్నది. యాదమ్మ ఏడ్వలే, బిత్తరపోయి చూసింది, "పొద్దున సద్ది గిన్నె మర్చిపోయిండు వదినే" అని అదే మాట మళ్ల మళ్ల అన్నది.

తెల్లారి నుంచి కొత్త మాట ఒకటి వాడకట్టుల తిరుగుడు మొదలు పెట్టింది. మల్లేశం తాగి వచ్చిండట, ఎవ్వరు చెప్పకున్నా తనంతట తనే ట్యాంకుల దిగిండట. నమ్మనోళ్లు లేరు. ఆయన కల్లు తాగేది అందరికీ ఎరికే గద! పొద్దూకాల తాగేటోడని, షిఫ్టుకు తాగి పోయేటోడు కాదని ఎవ్వరికి పట్టింది. విచారణకు ఆఫీసర్లు వస్తున్నరని, దగ్గరున్నోళ్లు చెప్పే మాటను బట్టే తప్పెవరిదో తేలుతదని అన్నరు. దిగమని చెప్తుంటే దగ్గర నిలబడి విన్నది మా నాయిన ఒక్కడే.

ఒకనాడు పొద్దూకాల సూపర్‌వైజరు మా అర్రకు వచ్చిండు. ఆపిల్ పండ్లు తెచ్చిండు. మా వాడకట్టుల ఆపిల్ పండంటే ఎవరికన్న రోగమొస్తే ఆస్పత్రిల కనబడేది, గంతే. నీలి డ్రమ్ము మీద ఆ సంచి పెట్టి, మంచం పట్టె మీద కూసొని, చానా మర్యాదగ మాట్లాడిండు. జోజప్పా, నువ్వు మంచోడివి, దేవుని భక్తి ఉన్నోడివి, ఈ నెల నుంచే నిన్ను పర్మినెంటు చేపిస్త, చచ్చినోడు ఎట్లనూ రాడు, తాగినట్టు వాసన వచ్చిందని ఒక్క మాట చెప్పు చాలన్నడు. గోడ అవతల యాదమ్మ ఉంది. ఆ గోడలు ఎట్లాంటియంటే అవతల దగ్గితే ఇవతల వినబడేది.

ఆయన పోయినాంక అమ్మ మొదలుపెట్టింది. అమ్మది తప్పని నేను అనను, అమ్మ ముగ్గురు పిల్లల తల్లి. "పర్మినెంటు అంటే ఆస్పత్రి ఉంటది, పిల్లల సదువుంటది. నువ్వు చెప్పకుంటే ఇంకోడు చెప్తడు. మనకే ఎందుకు ఈ పరేషాన్?" అని ఏడ్చింది. నాయిన జపమాల పట్టుకొని కూసున్నడు గని సగంల ఆగిపోయిండు. అట్ల సగంల ఆగిపోవుడు నేను అంతకు ముందు చూడలే. ఆ వారమంత ఆయన అన్నం సరిగ తినలే. బతుకు మొత్తం కోరుకున్నది కాళ్లకాడికొచ్చి నిలబడ్డది, దాన్ని ఎట్ల తన్నాలె? నాకు ఆపిల్ తినాలని ఉండె, నాయిన మొఖం చూస్తే అడగబుద్ధి కాలే.

విచారణ ముందు రోజు నాయిన గుడికి పోయిండు. నేను ఎంబడి పోయిన. ఫాదర్, నాయిన ఇద్దరు మెట్ల మీద కూసొని చానాసేపు మాట్లాడిన్రు, నేను దూరంగ చింతకాయలు ఏరుకుంట ఉన్న. ఇంటికొచ్చినాంక అమ్మ అడిగింది, ఫాదర్ ఏం చెప్పమన్నడని. "ఏం చెప్పమనలే. మల్లేశం కాళ్లు యాదున్నయా అని అడిగిండు" అన్నడు నాయిన. అమ్మకు అర్థమైపోయింది. పొయ్యి ముందర కూసొని కొంగు నోట్లె కుక్కుకున్నది.

పొద్దున నాయిన ఆపిల్ సంచి పట్టుకొని పోయిండు, ఆ సూపర్‌వైజరు బల్ల మీదనే పెట్టిండట. తర్వాతిది ఖాజా భాయ్ వచ్చి చెప్పిండు. ఆఫీసర్ అడిగితే మా నాయిన ఒక్క మాటనే అన్నడట, "తాగలే సారూ. దిగమంటే దిగిండు" అని. ఎన్ని తీర్ల తిప్పి అడిగినా అదే మాట. "తేరా బాప్ పత్థర్ హై", మీ నాయిన బండరాయి అన్నడు ఖాజా భాయ్ నా నెత్తి మీద చెయ్యి పెట్టి. పొగుడుతున్నడో జాలిపడుతున్నడో నాకు తెల్వలే.

వారం తిరగకముందే నాయినను గేటు కాన్నే ఆపేసిన్రు. ఆ రోడ్డు పొడుగునా కంపెనీలే, ఒక్కదాంట్ల సుత పని దొరకలే, పేరు చెప్పంగనే తలకాయలు అడ్డంగ ఊగేటివి. ఆఖరికి ఇటుక బట్టీల పనికి పోయిండు. అమ్మ ఇండ్లల్ల బాసాన్లు తోమింది. ఆ ఏడు క్రిస్మసుకు మాకు కొత్త బట్టలు లేవు, అరిసెలు లేవు, అమ్మ జొన్న గట్క కలిపి బెల్లం వేసి పండుగ అన్నది. షిఫ్టోళ్లు మా అర్ర ముందరికెళ్లి తలకాయలు వంచుకొని పోయేటోళ్లు, మాట్లాడితే తమ పని సుత పోతదని భయం. నాకు వాళ్ల మీద కోపమొచ్చేది, అంతకంటె ఎక్కువ నాయిన మీద వచ్చేది. "పిల్లలున్నోళ్లు బిడ్డా, భయపడరా?" అనేటోడు నాయిన. మేము పిల్లలం కామా మరి అని అడగాలనిపించేది.

యాదమ్మ విచారణ కాకముందే పిల్లలను తీసుకొని కొండాపూర్ దిక్కున్న తల్లిగారింటికి పోయింది. జోజప్ప కంపెనీ దిక్కు అయిండని, ఆపిల్ పండ్లు తిన్నడని ఎవ్వరో చెప్పిన్రట, గోడ అవతల నుంచి తానే విన్నది గద ఆ సారు మాటలు. పోయేటప్పుడు మా అమ్మకు చెప్పకనే పోయింది. అమ్మకు ఆ బాధ చానా రోజులున్నది.

మళ్ల పవిత్ర గురువారం వచ్చింది. బోరింగు కాడికి ఎవ్వరూ రాలే. కొత్త సబ్బు బిళ్ల కాగితం సుత ఇప్పకుంట అట్లనే ఉండె. గుళ్లె నాయిన ఎప్పటి తీరుగనే పన్నెండు కుర్చీలు వేసిండు, మా గుడోళ్లు వచ్చి కూసుంటే సగం సుత నిండలే. ఫాదర్ పై అంగీ తీసి, నడుముకు తువ్వాల కట్టుకొని, నిలబడి ఎదురు చూసిండు. నాయిన చెంబు పట్టుకొని తలుపు దిక్కు చూసిండు. మైకు లేదు, పాట లేదు, రేకులు మాత్రం ఎండకు టకటకమంటున్నయి. నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసినోనికి దేవుడు చేసేది ఇదేనా అనిపించింది.

అప్పుడు యాదమ్మ వచ్చింది. విచారణల నాయిన అన్న మాట ఖాజా భాయ్ నోట ఆమె దాక పోయిందట. నెత్తి నిండ కొంగు కప్పుకొని, బస్సు దిగి నడిచొచ్చిన దుమ్ము కాళ్లతోటి, నడుమ దారిల నుంచి సక్కగ ముందరికి వచ్చింది. ఆడోళ్లు ఆ కాడికి పోవుడు మా దగ్గర అలవాటు లేదు. ఎవ్వరూ ఆపలే. నాయిన ముందర నిలబడి చెంబు మీద చెయ్యి వేసింది. "నువ్వు కూసో అన్నా. కుర్చీ ఖాళీ ఉంది. నీళ్లు నేను పోస్త" అన్నది. నాయిన చెంబు ఇడవలే. యాదమ్మ సుత ఇడవలే. ఫాదర్ నాయిన మొఖం దిక్కు చూసి తలకాయ ఊపిండు. నాయిన పోయి ఆ ఖాళీ కుర్చీలల్ల ఒకదాంట్ల కూసున్నడు, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వని తీరుగ.

యాదమ్మ పోసింది. ఫాదర్ కడిగిండు. అన్ని నెలలకు చర్మం మీద పచ్చరంగు పోయింది గని గోర్లల్ల మిగిలే ఉంది, దాని మీద బట్టీ ఎర్రమట్టి. బేసిన్ల నీళ్లు ఎర్రగ తిరిగినయి. ఏటేటా అందరి కాళ్లు బోరింగు కాడ తోమించి తీస్కపోయిన నాయిన, ఆ రోజు తన కాళ్లు కడుక్కొని రాలే. ముద్దు పెట్టినాంక సుత యాదమ్మ చెంబు వంచుతనే ఉన్నది, నీళ్లు అయిపోయేదాక.

ఆ తర్వాతి ఏడాది పాస్కు పండుగ జాగరణ పూజల యాదమ్మ జ్ఞానస్నానం తీసుకున్నది. తెరేజమ్మ అని పేరు పెట్టిన్రు, గని ఎవ్వరం అట్ల పిలువలే. ఆమెకు గుడి గురించి ఎవ్వరూ ఏం చెప్పలే, ఎందుకొచ్చినవని అడిగితే, "మా ఆయనను తాగుబోతు కాదన్నోని దేవుడు ఎట్లుంటడో చూద్దామని" అనేది. ఏటేటా పవిత్ర గురువారం నాడు బస్సెక్కి వచ్చి చెంబు పట్టుకునేది. నాయిన దగ్గుతోటి, ఎముకల గూడై, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు పోయిండు. పీనుగకు నీళ్లు పోసేటప్పుడు కాళ్లు నేనే కడుగుతనని యాదమ్మ పట్టుబట్టింది. ఆ కాలి గోర్లల్ల పచ్చరంగు అప్పటికీ ఉన్నట్టే నాకు కనబడ్డది. కొన్నేండ్లకు ఆమె సుత పోయింది.

మొన్నటి పవిత్ర గురువారం సాయంత్రం నేను పాత గుడికే పోయిన. రేకులు లేవు. పాలరాయి, ఏసీలు, పైన పెద్ద తెర, బయట కార్లు పెట్ట జాగ లేదు. బోరింగు ఉన్న కాడ మా అర్రలు కూలగొట్టి ఏదో గోదాము కట్టిన్రు, వాగును పైపులల్లకు ఎక్కించిన్రో మూసేసిన్రో కనబడలే. పీఠం ముందర తెల్లగుడ్డలు తొడిగిన పన్నెండు కుర్చీలు, పన్నెండు మంది పేర్లు ముందే రాసుకున్నరు, గోరువెచ్చటి నీళ్లు, కొత్త తువ్వాలలు. సాక్సులు ఇప్పుతుంటే చూసిన, మచ్చలేని కాళ్లు, ఎవ్వరివీ సిగ్గుపడేటివి కావు. కొత్త ఫాదర్ మంచి పిల్లగాడే, శ్రద్ధగనే కడుగుతున్నడు.

ఆఖరి కుర్చీ ఖాళీగ ఉండె. ఆయనెవరో ఆఫీసుల ఇరుక్కపోయిండట. నేను తలుపు దిక్కు తిరిగి చూసిన. గేటు కాడి వాచ్‌మన్, ఒడియా పిల్లగాడు, టోపీ చేతుల పట్టుకొని గడప బయట నిలబడి లోపలికి చూస్తున్నడు, బూట్లు మట్టి కొట్టుకొని ఉన్నయి. నాకు నాయిన గొంతు వినబడ్డది. లేచి ఆ పిల్లగాని కాడికి పోయి అడిగిన, "కుర్చీ ఖాళీ ఉంది, కూసుంటవా?" అని. వాడు జంకి తన బూట్ల దిక్కు చూసుకున్నడు, తర్వాత మెల్లగ వంగి లేసులు ఇప్పబట్టిండు. నేను వాణ్ణి చెయ్యి పట్టుకొని లోపలికి తిరిగేసరికి, ఖాళీగ ఉంటే ఫొటోల బాగుండదని ఆ పన్నెండో కుర్చీని తీసేసిన్రు.